రిపోర్టును అటకెక్కించడం ఎలా?

కొత్తగా కుర్చీ ఎక్కిన అధికారులకు కాగజ్‌నగర్ నుంచి పది చిట్కాలు

కాగజ్‌నగర్‌లో కాగితానికి ఎన్నడూ కొదవ లేదు. నిజాం హయాంలో, 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు పుట్టాక కొత్తపేట అనే పల్లె పేరు మార్చుకుని పట్నమైంది. 2014లో మిల్లు మూతబడింది, 2018లో చేతులు మారి మళ్ళీ నడక మొదలుపెట్టింది. మిల్లులో కాగితం ఆగిన రోజుల్లో కూడా ఈ చుట్టుపక్కల అడవి మీద, ఆ అడవిలోని గోండు, కొలాం గూడేల మీద రాసే కాగితం మాత్రం ఆగలేదు. సర్వేలు, అధ్యయనాలు, కమిటీలు, థీసిస్‌లు వస్తూనే ఉన్నాయి.

రాస్తే రాశారు, దానితో మనకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, అప్పుడప్పుడు ఏదో ఒక రిపోర్టు తోవ తప్పి జీవోగా మారిపోతుంది. ఎవరికో పట్టా వస్తుంది. ఎక్కడో బడి తెరుస్తారు. కూలి డబ్బులు నేరుగా కూలివాడి చేతికే అందుతాయి. ఇలాంటివి ఒకటి రెండు జరిగితే చాలు, జనం అలవాటు పడిపోయి మళ్ళీ అడుగుతారు.

ఆ ముప్పు రాకుండా ఉండాలంటే ఏం చేయాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఎవరూ చెప్పడం లేదు. శిక్షణలో చెప్పేవన్నీ రిపోర్టు ఎలా తయారు చేయాలన్న ముచ్చట్లే. అందుకే ఈ పది చిట్కాలు. వీటన్నిటికీ రుజువులు మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనే దొరుకుతాయి. శ్రద్ధగా చదివి ఆచరించగలరు.

1. నెత్తురు చిందేదాకా ఎవరినీ ఏమీ అడగొద్దు

జనం బాధ తెలుసుకోవడానికి చవకైన సమయం గొడవకు ముందు. కాబట్టి ఆ సమయంలో దాని జోలికి పోకూడదు. ఈ విషయంలో నిజాం సర్కారు మనకు ఆదర్శం. ఆసిఫాబాద్ గుట్టల్లో రిజర్వు ఫారెస్టు లైన్లు గీసుకుంటూ పోయారు. లైను లోపల పడ్డ గూడెం ఖాళీ చేయాల్సిందే. తాతల నాటి చేను రాత్రికి రాత్రే నేరమైంది. పశువును మేపాలన్నా, నాగలికి కట్టె తెచ్చుకోవాలన్నా జంగ్లాతోళ్ళ (అటవీ సిబ్బంది) చెయ్యి తడపాల్సి వచ్చింది. బాబేఝరి, జోడేఘాట్ ప్రాంతంలో గోండు నాయకుడు కుమ్రం భీం, ఆయన వెంట నడిచినవాళ్ళు అడిగింది ఇదే: దున్నుకుంటున్న భూమి మీద హక్కు, జంగ్లాతోళ్ళ వేధింపుల నుంచి విడుదల. ఈ సంగతి తెలుసుకోవడానికి ఓ అధికారి నాలుగు గూడేలు తిరిగితే సరిపోయేది. ఎవరూ తిరగలేదు. 1940లో జోడేఘాట్ గుట్ట మీద కాల్పులు జరిగాయి. భీం, ఆయన సహచరులు ప్రాణాలు విడిచారు.

అప్పుడు గాని సర్కారుకు గోండుల గోస ఏమిటో కనుక్కోవాలని తోచలేదు. ఆ పద్ధతినే పాటించండి. ముందే అడిగితే పట్టాతో పోయేదానికి తర్వాత పోలీసు బందోబస్తు, విచారణ, పరిహారం, స్మారక స్తూపం, ఏటేటా వర్ధంతి ఏర్పాట్లు అవసరమవుతాయి. వాటి బడ్జెట్ చూశారా? శాఖ పెరగాలంటే అదొక్కటే తోవ.

2. పరిశోధకుణ్ణి రాత్రి ఉండనివ్వొద్దు

జోడేఘాట్ తర్వాత నిజాం సర్కారు చేసిన పెద్ద పొరపాటు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను పిలవడం. వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రజ్ఞుడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి చేతిలో జర్మన్ పాస్‌పోర్టుతో మన దేశంలో ఉన్నాడు. బ్రిటిష్‌వాళ్ళ లెక్కలో శత్రుదేశస్థుడు, హైదరాబాద్ సంస్థానం దాటి పోకూడదన్నారు. సరే అని ఇక్కడే చెంచుల మీద, కొండరెడ్ల మీద పని చేసి, 1941లో గోండుల దగ్గరికొచ్చాడు. ఇప్పటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో గుడిసె వేసుకుని భార్య ఎలిజబెత్‌తో కాపురం పెట్టాడు. ఆమెను అందరూ బెట్టీ అనేవారు.

మనిషి ఊళ్ళో కాపురం పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పొద్దున అధికారి ముందు జనం చెప్పే మాట ఒకటి, రాత్రి నెగడు దగ్గర చెప్పేది ఇంకొకటి. ఆయన రెండూ విన్నాడు. ఏ షావుకారు ఎంత వడ్డీకి ఎవరి పంట పట్టుకెళ్ళాడు, ఏ చేను ఎవరి పేరున ఎలా మారింది, ఏ చౌకీలో ఎంత మామూలు, అన్నీ రాసుకున్నాడు.

మీరు ఆ అవకాశం ఇవ్వొద్దు. పరిశోధకులు పొద్దున రైల్లో సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్‌లో దిగాలి, సాయంత్రం రైలెక్కాలి. మధ్యలో జీపు, గెస్ట్‌హౌస్‌లో భోజనం, రోడ్డు పక్కనున్న ఒక గూడెం, అక్కడ ముందే కూర్చోబెట్టిన పదిమంది. అడవి లోపలి గూడెం చూస్తామంటే వాగు పొంగిందని చెప్పండి. ఎండాకాలమైతే రోడ్డు పని నడుస్తోందని చెప్పండి.

3. గోండి నేర్చుకున్న ఆఫీసరును అనుమానించండి

సేతుమాధవరావు పగడి అని హైదరాబాద్ సివిల్ సర్వీసు ఉద్యోగి ఉండేవారు. గోండుల మధ్య పని పడితే హాయిగా దుబాసీని పెట్టుకోకుండా గోండి భాష నేర్చుకున్నారు. అంతటితో ఊరుకోలేదు, దాని వ్యాకరణం రాశారు, ఆదిలాబాద్ గోండుల మీద పుస్తకం కూడా రాశారు. ఇలాంటి ఆఫీసరుకు అర్జీదారు చెప్పింది చెప్పినట్టు అర్థమవుతుంది. అర్థమయ్యాక, అర్థం కానట్టు ఉండటం చాలా కష్టం.

దుబాసీ వల్ల ఎంత ఉపకారమో చూడండి. ముసలాయన పావుగంట మాట్లాడతాడు. చెట్టు పేరు, వాగు పేరు, తన తండ్రిని కొట్టిన జవాను పేరు చెబుతాడు. దుబాసీ మీ వైపు తిరిగి, "భూమి కావాలంటున్నాడు సార్" అంటాడు. మీరు "పరిశీలిస్తాం" అంటారు. పావుగంట ముచ్చట మూడు ముక్కల్లో తేలిపోయింది. రిపోర్టులో రాయడానికి అదే అనువుగా ఉంటుంది.

4. రిపోర్టు చదివేవాణ్ణి ముందే కనిపెట్టి బదిలీ చేయండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా. రిపోర్టు దానంతటదే ఏమీ చేయదు. లోపల దాన్ని చదివేవాడు, చదివి సంతకం పెట్టగలవాడు ఉంటేనే ప్రమాదం. హైమన్‌డార్ఫ్ రాసింది ఎవరి బల్ల మీదికి పోయిందో తెలుసా? నిజాం సర్కారులో రెవెన్యూ, పోలీసు శాఖలు చూసిన విల్‌ఫ్రిడ్ గ్రిగ్సన్ బల్ల మీదికి. ఆయన అంతకు ముందు బస్తర్‌లో పని చేసి అక్కడి మాడియా గోండుల మీద 1938లో పుస్తకం అచ్చేసిన మనిషి. అంటే గోండుల గురించి గోండుల మధ్య తిరిగినవాడు రాస్తే, గోండుల మధ్య తిరిగిన ఇంకొకడు చదివాడు. పైగా భూమి, లాఠీ రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయి.

ఫలితం ఘోరం. గిరిజనులకు ప్రత్యేక అధికారి వచ్చాడు. రిజర్వు ఫారెస్టు నడుమ గూడేలకు హద్దులు గీసి భూములు విడిచారు. సర్కారు భూమిని సాగుకిచ్చే లావుణి పట్టాలు మొదలయ్యాయి. 1940లు ముగిసేసరికి ఈ జిల్లాలో 11 వేల పైచిలుకు గిరిజన కుటుంబాలకు సుమారు 1 లక్షా 60 వేల ఎకరాల భూమి దక్కింది. 1946లో, ఫస్లీ లెక్కలో 1356లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ తెచ్చారు. హైమన్‌డార్ఫ్‌ను గిరిజన వ్యవహారాల సలహాదారుగా పెట్టుకున్నారు, ఉస్మానియాలో ప్రొఫెసర్ కుర్చీ కూడా ఇచ్చారు. బయట రాసేవాడు, లోపల వినేవాడు ఒకే కాలంలో ఒకే చోట కలవనిచ్చినందుకు ఇంత జరిగింది.

కాబట్టి బదిలీల జాబితా తయారు చేసేటప్పుడు మీ జిల్లాలో ఎవరెవరు పుస్తకాలు చదువుతున్నారో వాకబు చేయండి. సెలవు రోజున కూడా గూడెం పోయే అలవాటున్నవాణ్ణి తక్షణం మార్చాలి. మూడేళ్ళు ఒకే సీట్లో ఉంచితే వాడికి ఊరి పేర్లు గుర్తుండిపోతాయి.

5. ఫైలును చంపొద్దు, నిద్రపుచ్చండి

కొత్తవాళ్ళు చేసే తప్పు రిపోర్టును తిరస్కరించడం. తిరస్కరిస్తే కారణం రాయాలి, కారణం రాస్తే కోర్టులో అడుగుతారు. సెక్షన్ పద్ధతి వేరు. రిపోర్టు తపాలులో వస్తుంది, రిజిస్టరులో నంబరు పడుతుంది. నోట్‌ఫైల్ మొదటి పేజీలో "సమర్పించడమైనది" అని రాయండి. రెండో పేజీలో "సంబంధిత శాఖ అభిప్రాయం కోరవచ్చును" అనండి. ఆ శాఖ ఇంకో శాఖ అభిప్రాయం కోరుతుంది. జ్ఞాపిక పంపండి. మళ్ళీ జ్ఞాపిక పంపండి. రెండు శాఖల అభిప్రాయాలూ వచ్చేసరికి వాటి మధ్య తేడా ఉంటుంది కాబట్టి సమావేశం పెట్టాలి. సమావేశానికి కోరం ఉండదు.

ఆ తర్వాత అసలు కిటుకు. ఫైలు ముగించేటప్పుడు దాని మీద ఏ ముద్ర పడుతుందో దాని ఆయుష్షు అంత. ఆర్.డిస్ అంటే శాశ్వతంగా దాచాలి. డి.డిస్ అంటే పదేళ్ళు. ఎల్.డిస్ అంటే ఏడాది ఉంచి తగలబెట్టేయొచ్చు. వందేళ్ళుగా నలుగుతున్న భూతగాదా మీద వచ్చిన రిపోర్టుకు ఎల్.డిస్ కొట్టగల గుమాస్తా మీ సెక్షన్‌లో ఉంటే, ఆయన్ను రిటైర్ కానివ్వకండి. పొడిగింపు ఇప్పించండి.

6. పంతుళ్ళను గూడెంలోంచి తీయొద్దు

1943లో మార్లవాయిలో గోండుల కోసం బడి, పంతుళ్ళ శిక్షణ కేంద్రం మొదలయ్యాయి. పాఠం గోండిలో, వాచకాలు గోండిలో. అప్పటికి చేతిలో ఉన్న దేవనాగరి అక్షరాల్లోనే అచ్చు వేశారు. పంతుళ్ళను పట్నం నుంచి తేలేదు. కాస్తో కూస్తో అక్షరం ముక్క వచ్చిన గోండు కుర్రాళ్ళను పట్టి శిక్షణ ఇచ్చి, వాళ్ళ గూడేలకే పంపారు. దీనివల్ల నష్టమేమిటంటే, పంతులు సాయంత్రం కాగానే ఊరికి పోడు. ఊరే వాడిది. ఎవరికైనా నోటీసు వస్తే చదివి చెబుతాడు, అర్జీ రాసిపెడతాడు. పాఠం చెప్పమని పంపితే సంతకం, వేలిముద్రల తేడా చెబుతాడు.

అదృష్టం కొద్దీ తర్వాతి వాళ్ళు జాగ్రత్త పడ్డారు. హైమన్‌డార్ఫ్ లండన్ వెళ్ళిపోయాక, రాష్ట్రాలు అటూ ఇటూ అయ్యాక, గోండి బోధన క్రమంగా మాయమైంది. 2000లో జీవో నంబరు 3 వచ్చి, ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అది చెల్లదని కొట్టేసింది. నూటికి నూరు పోస్టులు కేటాయించడం రాజ్యాంగానికి సరిపడదన్నది కోర్టు అభిప్రాయం. మరి గూడెం భాష వచ్చిన పంతులును గూడెంలో ఎలా నిలపాలన్న ప్రశ్న మాత్రం మిగిలింది. మనం దానికి జవాబు వెతకొద్దు.

నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులు బయటపడ్డాయి, పరిశోధకులు పట్టుబట్టి పని చేశారు, 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇలాంటప్పుడు తగిన పద్ధతి: శాలువా కప్పండి, ఫొటో దిగండి, లిపిని కార్యాలయం గోడ మీద అందంగా రాయించండి. పిల్లవాడి పలక దాకా మాత్రం రానివ్వకండి.

7. చట్టం చేయండి, కాస్తు కాలమ్ చూడకండి

చట్టం రాకుండా ఆపలేకపోతే దిగులు పడొద్దు. చట్టం వచ్చాకే మన పని మొదలవుతుంది. 1946 రెగ్యులేషన్‌కు 1949లో నిబంధనలు వచ్చాయి. 1963లో దాని చోట ఆంధ్ర ప్రాంతపు 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ను తెచ్చి పెట్టారు. 1970లో దాన్ని మరింత బిగించి వన్ ఆఫ్ సెవెంటీ అన్నారు: షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు. కాగితం మీద ఇంతకంటే గట్టి కంచె ఎక్కడా లేదు.

ఇప్పుడు భూమి రికార్డు, అంటే పాత పహాణీ ఒకటి తెరిచి చూడండి. పట్టాదారు కాలమ్‌లో ఒక పేరుంటుంది. అనుభవదారు కాలమ్‌లో, మన భాషలో కాస్తు కాలమ్‌లో, ఇంకో పేరు ఉంటుంది. మొదటి పేరు చట్టానిది, రెండో పేరు పంటది. అప్పు కింద, కౌలు కింద, ఒకపూట కల్లు కింద చేను దున్నేవాడు మారిపోతాడు, పట్టాదారు తన చేలోనే కూలికి పోతాడు. పట్టా పుస్తకం మాత్రం భద్రంగా ఇంటి దూలానికి వేలాడుతుంది. మీరు చట్టాన్ని ఉల్లంఘించలేదు. ఆ కాలమ్ వైపు చూడలేదు, అంతే.

1970ల్లో హైమన్‌డార్ఫ్ దంపతులు మళ్ళీ వచ్చి పాత గూడేలన్నీ తిరిగారు. తాము ఇప్పించిన భూముల్లో చాలావరకు గోండుల చేతుల్లో లేవని చూశారు. ఆ సంగతే 1982లో పుస్తకంగా వచ్చింది. ఆ పుస్తకం కంటే ముందే, 1981 ఏప్రిల్ 20న, భూమి కోసం ఇంద్రవెల్లిలో కూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలోనే 13 మంది చనిపోయారు. మొదటి చిట్కా మళ్ళీ పనిచేసిందని గమనించగలరు.

8. పరిష్కారం జేబులో పెట్టుకొచ్చే పరిశోధకుడితో జాగ్రత్త

సమస్య చెప్పి ఊరుకునే రిపోర్టుకు భయపడక్కర్లేదు. "సమగ్ర విధానం అవసరం" అని ముగిసే రిపోర్టు మన మిత్రుడు. కాని కొందరుంటారు, కారణం ఇదీ, మందు ఇదీ, ఇది ఆపి అది వాడండి అని మూడు ముక్కల్లో చెబుతారు. వాళ్ళతోనే చిక్కు.

రాబందుల సంగతి తీసుకోండి. పశువుల నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడైపోతున్నాయని 2004లో శాస్త్రవేత్తలు తేల్చారు. దాని బదులు మెలాక్సికామ్ వాడొచ్చని కూడా చూపించారు. 2006లోనే కేంద్రం పశువులకు ఆ మందు తయారీని ఆపించింది. రెండేళ్ళలో పరిశోధన ఉత్తర్వైతే ఇంక మనం ఉన్నదెందుకు?

అయినా మనవాళ్ళు ఒక సందు వదిలారు. మనుషులకు వాడే డైక్లోఫెనాక్ 30 మిల్లీలీటర్ల పెద్ద సీసాల్లో దొరికేది. మనిషికి ఒక సూదికి 3 మిల్లీలీటర్లు చాలు. మిగతాది ఎవరి కోసమో బర్రెకు తెలుసు. ఆ సీసా సైజు మీద 2015 దాకా ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఉత్తర్వును నీరుగార్చాలంటే ఉత్తర్వు జోలికి పోవాల్సిన పని లేదు. సీసా సైజు లాంటి చిన్న సంగతిని పట్టించుకోకపోతే చాలు. మన కాగజ్‌నగర్ డివిజన్‌లోనే బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు పెట్టుకున్నాయని అటవీ శాఖ గుర్తించింది. ఇంత జాగ్రత్తగా ఉన్నా కొన్ని పక్షులు బతికిపోయాయి మరి.

9. మ్యాపులో పులి తోవ గీయండి, మనిషి ఇల్లు గీయకండి

పరిశోధనను పూర్తిగా పక్కన పెట్టడం పాత పద్ధతి. ఈ కాలానికి తగింది సగం చదవడం. మహారాష్ట్రలోని తాడోబా నుంచి పులులు ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవుల మీదుగా కవ్వాల్ పులుల అభయారణ్యం వైపు వస్తాయన్నది నిజం. కెమెరాలకు చిక్కిన నిజం. ఆ తోవ తెగిపోతే పులికి నష్టమన్నదీ నిజమే. 2025 మే 30న జీవో నంబరు 49 వచ్చింది. కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ డివిజన్లలో సుమారు 1,492 చదరపు కిలోమీటర్లు కన్జర్వేషన్ రిజర్వు అయ్యాయి. పేరు: కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వు.

పేరు పెట్టినవారి ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. అడవిలో లైను గీసి మమ్మల్ని బయటికి నెట్టొద్దని ప్రాణం పోగొట్టుకున్న మనిషి పేరు అడవిలో గీసిన కొత్త లైనుకే పెట్టారు. వన్యప్రాణి చట్టంలో 36-ఎ సెక్షన్ ఉంది. కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించే ముందు స్థానికులతో సంప్రదించాలని అందులోనే రాసుంది. గూడేలవాళ్ళు మాత్రం మమ్మల్ని ఎవరడిగారంటూ రోడ్డెక్కారు. బంద్ చేశారు. రెండు నెలలు తిరక్కుండానే, జూలైలో, సర్కారు ఆ జీవోను ఆపేసింది. ఇప్పుడు పులికీ లాభం లేదు, మనిషికీ నమ్మకం లేదు. సగం చదివిన రిపోర్టు రెండు వైపులా పదునున్న కత్తి. పూర్తిగా చదివితే ఇంత పని జరగదు.

ఈ చిట్కాకు అనుబంధం: ప్రతి గొడవనూ కొత్త గొడవగానే చూడాలి. 2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం కొత్త సార్సాలలో మొక్కలు నాటబోయిన అటవీ సిబ్బందిపై దాడి జరిగింది. మహిళా రేంజి అధికారి గాయపడింది. ఆమె చేతిలో ఉన్నది పై నుంచి వచ్చిన ఉత్తర్వు, ఎదురుగా ఉన్నవాళ్ళ కాళ్ళ కింద ఉన్నది అడవి కొట్టి సాగు చేసుకున్న పోడు చేను. సరిగ్గా నాలుగేళ్ళకు, 2023 జూన్ 30న, ఆసిఫాబాద్‌లోనే పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రమంతా కలిపి 4 లక్షల ఎకరాలకు పైమాటే. ఆ పట్టాలకు ఆధారమైన అటవీ హక్కుల చట్టం 2006 నాటిది. పదిహేడేళ్ళ జాప్యానికీ ఆ దాడికీ ఏమైనా సంబంధం ఉందా అని ఎవరైనా అడిగితే, అది శాంతిభద్రతల శాఖ విషయమని చెప్పి, పోడు ఫైలును ఇంకో శాఖకు పంపేయండి.

10. గట్టిగా అరిచేవాడి మాటే వినండి

ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డుతో ఇచ్చే పద్ధతి వచ్చింది. దాని మీద ముగ్గురు ఆర్థికవేత్తలు, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్, 8 జిల్లాల్లో అధ్యయనం చేశారు. ఆదిలాబాద్ అందులో ఒకటి. ఏ మండలానికి ముందు కార్డులివ్వాలి, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ తీసి తేల్చారు. సిఫార్సుకు చోటు లేకుండా లాటరీ తీయడానికి సర్కారు ఎలా ఒప్పుకుందో ఇప్పటికీ అంతు చిక్కదు.

కార్డులొచ్చిన మండలాల్లో కూలి త్వరగా అందింది. మధ్యలో కారిపోయే సొమ్ము 41 శాతం తగ్గింది. నూటికి తొంభై మందికి పైగా లబ్ధిదారులు కొత్త పద్ధతే బాగుందన్నారు. అయినా పథకాన్ని ఎత్తేద్దామా అన్న ఆలోచన సర్కారులో నడిచింది. ఎందుకంటే పైదాకా చేరిన ఫిర్యాదులన్నీ కింది స్థాయిలో పై సంపాదన పోయినవాళ్ళవి. మూడు రోజులు ముందు కూలి అందుకున్న ఆడమనిషి, "నాకు కూలి మూడు రోజులు ముందే అందింది సార్" అని చెప్పడానికి హైదరాబాద్ బస్సెక్కదు కదా. అంకెలు చేతిలో ఉన్నాయి కాబట్టి పథకం బతికింది. కాబట్టి మీరు అంకెలు పోగు చేయించొద్దు. మీ ఛాంబర్ ముందు ఎవరు నిలబడితే వాళ్ళదే ప్రజాభిప్రాయం.

తరచూ వచ్చే సందేహాలు

ప్రశ్న: పరిశోధకులే మనకు అనుకూలంగా రిపోర్టు రాస్తే?
జవాబు: వెంటనే అచ్చు వేయించండి. పదకొండో చిట్కా అక్కర్లేదు, అది మీకు పుట్టుకతో వచ్చిందే.

ప్రశ్న: రిపోర్టు తప్పయితే?
జవాబు: అలాంటివీ ఉంటాయి. హైమన్‌డార్ఫ్ పైవాళ్ళ దయ మీద మరీ నమ్మకం పెట్టుకున్నాడని, గోండులను వాళ్ళ నోటితో కాకుండా తన నోటితో మాట్లాడించాడని తర్వాతి పండితులు తప్పుబట్టారు. తప్పు పట్టాలంటే మళ్ళీ గూడెం పోయి చూడాలి. మనకు ఓపిక లేదు కాబట్టి, ఒప్పయినా తప్పయినా ఒకటే ముద్ర.

ప్రశ్న: రిపోర్టు ఎవరి గురించి రాశారో వాళ్ళకే ఇచ్చేస్తే?
జవాబు: పొరపాటున కూడా వద్దు. రిపోర్టు ఇంగ్లీషులో ఉండాలి, హైదరాబాద్‌లో ఉండాలి, లైబ్రరీలో అడిగితే సంతకం కావాలనాలి. గూడెంలో చదివి వినిపిస్తే, మూడో పేజీలో తప్పు రాశారని ఏ ముసలమ్మో లేస్తుంది. ఆ తప్పు దిద్దితే రిపోర్టుకు ఆ ఊరు సొంతదారు అవుతుంది. సొంతదారున్న రిపోర్టును ఏ గుమాస్తా ఎల్.డిస్ చేయలేడు.

చివరగా వేడుకల గురించి. బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలో సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోయాడు, 2012లో ఆయన అస్థికలు తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న గూడెంవాళ్ళు అక్కడ చేరతారు, అధికారులనూ పిలుస్తారు. తప్పకుండా వెళ్ళండి. దండ వేయండి, గుస్సాడీ నాట్యం చూడండి, ఆయన సేవలు మరువలేనివని మైకులో చెప్పండి. ప్రసంగం కాగానే జీపెక్కేయండి. ఎందుకంటే జనం చేతుల్లో అర్జీలుంటాయి. హైమన్‌డార్ఫ్ ఏళ్ళ తరబడి తిరిగి రాసింది ఈ అర్జీల్లో ఉండేదే. పుస్తకంగా అట్ట వేసినందువల్ల సర్కారు చదివింది, అంతే తేడా. అర్జీ చేతికి తీసుకున్నారో, రసీదు ఇవ్వాలి, రసీదు ఇస్తే నంబరు పడుతుంది, నంబరు పడితే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు జవాబు అడుగుతారు.